నాలుగు హద్దులు: అల్ ఖ్వారిజ్మీ పట్టికల నుండి ప్రత్తిపాడు పొలాల వరకు

ఆంధ్రప్రదేశ్‌లో ప్రత్తిపాడు అనే పేరుగల మండల కేంద్రాలు రెండు కలవు. ఒకటి గుంటూరు నుండి పర్చూరు పోయే దారిలో, ప్రత్తీ మిరపా పండే నల్లరేగడి నేలల నడుమ ఉన్నది. రెండవది కాకినాడ జిల్లాలో జాతీయ రహదారి మీద ఉన్నది. రెండూ శాసనసభ నియోజకవర్గాలే. ఉత్తరం వ్రాసేవాడు జిల్లా పేరు కూడా వ్రాసి ఈ చిక్కును దాటుతాడు. కాని లక్షల ఊళ్ళ వివరాలను ఒకేచోట చేర్చి భద్రపరచవలసిన వారికి ఇది అంత తేలిక కాదు. పేరు వేరు, చోటు వేరు అనే సంగతిని వారు మొట్టమొదటనే తేల్చుకోవాలి.

ఈ చిక్కును గుర్తించి దానికే ఒక ప్రత్యేక గ్రంథం వ్రాసిన వ్యక్తి మన చరిత్రలో ఉన్నారు. ఆయన యాఖూత్ అల్ హమవీ (మరణం హిజ్రీ 626, క్రీ.శ. 1229). రూమీ సంతతివాడై, బానిసగా బాగ్దాదు వర్తకుని చేతికి వచ్చి, అతని వ్యాపారం మీద దేశాలు తిరిగి, విముక్తి పొందిన తరువాత పుస్తకాలకు నకళ్ళు వ్రాసి జీవించిన మనిషి. ఆయన దేశనామ నిఘంటువు 'ముఅజముల్ బుల్దాన్' పేరు చాలామంది విన్నదే. అంతగా ప్రచారంలోకి రాని మరొక గ్రంథం 'అల్ ముష్తరిక్'. పేరు ఒకటై చోటు వేరైన ఊళ్ళను మాత్రమే ఏరి అందులో పొందుపరచారు. మన రెండు ప్రత్తిపాళ్ళ వంటివాటి జాబితా అన్నమాట.

నేడు ప్రభుత్వ కార్యాలయాలలోనూ, పటాలు తయారుచేసే సంస్థలలోనూ వాడుకలో ఉన్న స్థల సంబంధమైన డేటాబేస్‌ను గురించి ఈ వ్యాసంలో కొంత వివరించదలచాను. ఇది యంత్రాల సంగతి, చరిత్ర పత్రికలో దీనికేమి చోటు అని పాఠకులు అడగవచ్చు. మన మసీదుల, ఈద్గాల, ఖబ్రస్తాన్ల భూములు ఇప్పుడు ఈ పట్టికలలోకే ఎక్కుతున్నాయి. ఎక్కినది ఎక్కినట్టు నిలుస్తుంది. తప్పుగా ఎక్కినది కూడా అంతే నిబ్బరంగా నిలుస్తుంది.

ముందుగా ఒక్క మాట. 'డేటా' అనే లాటిన్ మాటకు 'ఇవ్వబడినవి' అని అర్థం. తెలుగు పండితులు 'దత్తాంశం' అన్నారు. ఆధునిక అరబ్బీలో 'ముఅతయాత్' అనే మాట ఉన్నది. మూడింటి అర్థమూ ఒకటే. అనువాదకునికి ఇటువంటి పొంతన అరుదుగా దొరుకుతుంది గనుక చెప్పకుండా ఉండలేకపోయాను. అయితే ఎవరు ఇచ్చారు, ఎప్పుడు ఇచ్చారు, ఏ ఆధారంతో ఇచ్చారు అనే ప్రశ్నలు ఈ మాటలోనే దాగి ఉన్నాయి. వాటిని మరువరాదు.

సాధారణమైన డేటాబేస్ అంటే పట్టికల సముదాయం. ఒక్కొక్క అడ్డువరుస ఒక్కొక్క వస్తువును గురించినది. ఒక్కొక్క నిలువు గడి ఆ వస్తువు యొక్క ఒక్కొక్క గుణాన్ని తెలుపుతుంది. పొలం అనుకుందాం: నంబరు, విస్తీర్ణం, పట్టాదారు పేరు, నేల తరగతి. స్థల సంబంధమైన డేటాబేస్‌లో వీటికి తోడు మరొక గడి ఉంటుంది. అందులో ఆ పొలం ఆకారమే ఉంటుంది. అంటే దాని మూలమూల యొక్క అక్షాంశ రేఖాంశాల వరుస. ఈ ఒక్క గడి చేరడంతో పట్టికను కొత్త ప్రశ్నలు అడుగవచ్చు. ఈ కాలువకు రెండువందల గజాలలో ఉన్న పొలాలు ఏవి? ఈ కొత్త రోడ్డు ఏ ఖబ్రస్తాన్ మీదుగా పోతుంది? ఇటువంటి ప్రశ్నలకు పేర్ల పట్టిక సమాధానం చెప్పలేదు.

ఆ ఆకారాలు మూడు విధాలు. బిందువు, రేఖ, చుట్టి వచ్చి మొదలైన చోటనే ముగిసే బహుభుజి. బావి బిందువు, డొంక రేఖ, పొలం బహుభుజి. ఒకే జాతికి చెందినవి ఒక పొరగా ఉంటాయి: ఊళ్ళది ఒక పొర, వాగులది ఒక పొర, పొలాలది ఒక పొర. పొరమీద పొర పరచి చూస్తారు.

ఇప్పుడు పన్నెండు శతాబ్దాల వెనుకకు పోదాము. ఖలీఫా మామూన్ (పాలన క్రీ.శ. 813-833) కాలంలో బాగ్దాదులో ఉండిన ముహమ్మద్ బిన్ మూసా అల్ ఖ్వారిజ్మీని లోకం బీజగణితానికి గుర్తుంచుకున్నది. ఆయన 'సూరతుల్ అర్ద్' అనే భూగోళ గ్రంథం కూడా రచించారు. దీని ప్రాచీన ప్రతి ఒక్కటే మిగిలినది, హిజ్రీ 428 (క్రీ.శ. 1037)లో నకలు చేయబడిన ఆ ప్రతి ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్ గ్రంథాలయంలో ఉన్నది. యాత్రావర్ణనలూ, వింతలూ ఆశించి దీనిని తెరిచినవారికి నిరాశ తప్పదు. ఇది దాదాపు అంతా పట్టికలే. సుమారు 2,400 చోట్లకు రేఖాంశం ఇంత, అక్షాంశం ఇంత అని అంకెలు.

కాని ఆ పట్టికల అమరిక చూడండి. మొదట పట్టణాలు: ఒక్కొక్క దానికి ఒక్కొక్క జత అంకెలు. తరువాత పర్వతాలు: ప్రతిదానికి మొదలు ఎక్కడ, చివర ఎక్కడ అని రెండు జతలు, దానితోబాటు పటంలో వేయవలసిన రంగు. ఆపైన సముద్రాలు: తీరం వెంబడి వరుసగా అనేక చోట్ల అంకెలు, ఒక చోటు నుండి మరొక చోటికి గట్టు ఏ రీతిగా వంగుతుందో ఆ వివరం. దీవులు, నదులు విడివిడిగా. అంటే బిందువు, రేఖ, చుట్టుగీత, రంగు తెలిపే గుణపు గడి, విడివిడి పొరలు అన్నీ ఇందులో కలవు. పటం పోయినా పట్టిక ఉంటే పటాన్ని మరల గీయవచ్చునన్నదే దీనిలోని కీలకం. పటం నకలు చేసేవాని చేయి వణికితే తీరం జరిగిపోతుంది. అంకెల నకలులో పొరపాటు పడితే మరొక ప్రతితో సరిచూసి దిద్దుకోవచ్చును.

ఇది చదివి, కంప్యూటరు కూడా మనవాళ్ళే కనిపెట్టారని చంకలు గుద్దుకోవలసిన పని లేదు. అటువంటి వ్యాసాలు మనలో ఇప్పటికే చాలా వచ్చాయి. ఖ్వారిజ్మీకి ఆధారం గ్రీకు పండితుడు టాలెమీ పట్టికలు. ఆయన వాటిని మక్కికి మక్కి దింపుకోలేదు, దిద్దారు. మధ్యధరా సముద్రం పొడవును టాలెమీ చెప్పినదానికంటె సుమారు పది డిగ్రీలు తగ్గించి నిజానికి దగ్గరగా తెచ్చారు. తీసుకున్నదానిని పరీక్షించి దిద్దడం అనే ఈ గుణమే మనం గర్వించదగినది.

పట్టణాల పట్టిక అక్షర క్రమంలో లేదు. భూమిని ఏడు ఇఖ్లీములుగా విభజించి, ఏ ఇఖ్లీముకు చెందిన ఊళ్ళను ఆ ఇఖ్లీము క్రింద, పడమటి నుండి తూర్పుకు వరుసగా వ్రాశారు. ఒక ఊరికి పొరుగున ఏ ఊళ్ళున్నాయో తెలియాలంటే పుస్తకమంతా తిరగేయనక్కరలేదు. నేటి భాషలో దీనిని సూచిక అంటాము. అల్ ఇద్రీసీ మరింత ముందుకు పోయారు. సిసిలీ రాజు రెండవ రోజర్ ఆస్థానంలో క్రీ.శ. 1154 (హిజ్రీ 548)లో పూర్తిచేసిన గ్రంథంలో ఏడు ఇఖ్లీములలో ఒక్కొక్కదానిని మరల పది భాగాలు చేసి, డెబ్బయి పటాలుగా భూమిని కోశారు. కావలసిన గడి ఒక్కటి తెరిస్తే చాలు. ఈనాడు చేతిలోని ఫోను మీద పటం జరిపినప్పుడు చదరాలు చదరాలుగా వచ్చి అతుక్కోవడం వెనుక ఉన్న ఉపాయం ఇదే.

ఒక లోపం కూడా చెప్పాలి. రేఖాంశాన్ని ఎక్కడ నుండి లెక్కించాలి? కొందరు పశ్చిమ సముద్రంలోని ఖాలిదాత్ దీవుల నుండి లెక్కించారు, కొందరు ఆఫ్రికా పశ్చిమ తీరం నుండి లెక్కించారు. రెండింటికీ పది డిగ్రీలు తేడా. ఒక గ్రంథంలోని అంకెను మరొక గ్రంథంలోని అంకె ప్రక్కన పెట్టి ఖిబ్లా దిశను లెక్కగడితే ఫలితం ఏమవుతుందో ఊహించుకోవచ్చు. ఖిబ్లాను సరిగా నిర్ణయించడానికి నగరాల స్థానాలను తేల్చబూనిన అల్ బీరూనీ ఈ తికమకను చర్చించారు. నేటి డేటాబేస్‌లో ప్రతి ఆకారానికీ 'ఈ అంకెలు ఏ మూలం నుండి, ఏ భూగోళాకార కల్పన ప్రకారం కొలిచినవి' అనే సంకేత సంఖ్య తప్పనిసరి అంటే కారణం ఇదే. మన దేశపు పాత పటాలు ఎవరెస్టు లెక్క మీద గీసినవి. ఉపగ్రహాలు చెప్పే అంకెలు వేరే లెక్కవి. సంకేతం గమనించక ఒకదాని మీద ఒకటి పరిస్తే మన గుంటూరు ప్రాంతంలో నూరు మీటర్లకు పైగా జరుగుతుంది. నూరు మీటర్లంటే ఒక ఖబ్రస్తాన్ మొత్తం ప్రక్క రైతు మిరప చేలోకి పోవడానికి చాలినంత దూరం.

ముస్లిం శాస్త్రవేత్తల ఈ అంకెలన్నింటినీ ఇరవయ్యవ శతాబ్దంలో ఇ.ఎస్. కెన్నెడీ దంపతులు కంప్యూటరు సాయంతో కూర్చారు. పదమూడు వేలకు పైగా అంకెల జతలు. 1987లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో అచ్చయింది. ఒకే సమాచారాన్ని ఊరి పేరు క్రమంలో ఒకసారి, మూలగ్రంథాల క్రమంలో ఒకసారి, రేఖాంశ క్రమంలో ఒకసారి, అక్షాంశ క్రమంలో ఒకసారి ముద్రించారు. వస్తువు ఒకటే, సూచికలు నాలుగు. డేటాబేస్ అంటే ఏమిటో విద్యార్థికి చెప్పవలసివస్తే ఈ పుస్తకాన్ని చేతికిస్తే సరిపోతుంది.

పైన చెప్పినదంతా ఆకాశం నుండి చూసిన భూమి. రైతు కాలి క్రింది భూమి సంగతి వేరు. హజ్రత్ ఉమర్ (రజి) ఇరాఖ్‌లోని సవాద్ నేలలను సైనికులకు పంచిపెట్టక, రాబోయే తరాలన్నింటి కోసం నిలిపి ఉంచి, వాటి మీద ఖరాజ్ విధించదలచినప్పుడు, హజ్రత్ ఉస్మాన్ బిన్ హునైఫ్ (రజి)ను నేల కొలవడానికి పంపారు. మూడుకోట్ల అరవై లక్షల జరీబులు తేలినట్లు చరిత్రకారులు వ్రాశారు. పంటనుబట్టి జరీబుకు ఇంత అని శిస్తు. ద్రాక్షతోటకు ఒక రేటు, గోధుమకు మరొక రేటు. ఇందులో ఆకారం లేదు. విస్తీర్ణమూ, పంటా, శిస్తూ మాత్రమే ఉన్నాయి. శిస్తు వసూలుకు అది చాలును. హద్దు తగాదాకు చాలదు.

హద్దు తగాదాకు ఖాజీల వద్ద వేరే పద్ధతి ఉండినది. అది 'హుదూదె అర్బఅ', అంటే నాలుగు హద్దులు. తూర్పున ఎవరిది, దక్షిణాన ఎవరిది, పడమట ఏమున్నది, ఉత్తరాన ఏమున్నది. మన గుంటూరు సీమ దస్తావేజులలో చెక్కుబందీ అని వ్రాసేది దీనినే. ఈ విషయమై హనఫీ ధర్మశాస్త్రంలో ఒక సున్నితమైన చర్చ గలదు. మర్గీనానీ (మరణం హిజ్రీ 593, క్రీ.శ. 1197) రచించిన 'హిదాయా'లో, దావాలను గురించిన ప్రకరణంలో వస్తుంది. వాది నాలుగింటిలో మూడు హద్దులే చెప్పాడనుకోండి. ఇమాం జుఫర్ అది చాలదన్నారు. మిగిలిన మన ఇమాములు చాలునన్నారు, ఎక్కువ భాగం తెలిసినది గనుక. కాని నాలుగవ హద్దును తప్పుగా చెబితే? అప్పుడు దావా చెల్లదు. తెలియనిదానిని విడిచిపెడితే మిగిలిన మూడూ నిలుస్తాయి. తప్పుగా చెబితే ఆ చెప్పినది మరొక చోటు అవుతుంది.

డేటాబేస్ నిర్మాతలు ఖాళీ గడికీ, తప్పు అంకె ఉన్న గడికీ ఎంతో భేదం పాటిస్తారు. ఖాళీగా ఉన్నదానిని రేపు నింపవచ్చు. ఖాళీని కనబడకుండా చేయడానికి సున్నా వేసినా, అంచనా వేసినా, అది నిజమే కాబోలునని అందరూ నమ్ముతారు. మదరసాలో 'హిదాయా' చదివిన తాలిబెఇల్మ్‌కు ఈ సంగతి వేరుగా నేర్పనక్కరలేదు.

గుంటూరు సర్కారు నిజాం సోదరుడు బసాలత్ జంగ్ జాగీరుగా ఉండి, ఆయన 1782లో మరణించిన తరువాత, 1788లో కంపెనీవారి చేతికి వచ్చింది. ఆ తరువాత ఈ నేలను మూడు రకాల వారు మూడు రకాలుగా వ్రాసుకున్నారు.

మొదటివాడు కాలిన్ మెకంజీ. ఆయన కోసం ఊరూరి కరణాలు వ్రాసి ఇచ్చిన వృత్తాంతాలే కైఫీయత్తులు. ఈ మాట అరబ్బీ 'కైఫియత్' నుండి వచ్చినదని చెప్పనక్కరలేదు గదా. ఊరు ఎలా పుట్టింది, గుడి ఎవరు కట్టించారు, మాన్యం ఎవరిది, ఏ దిక్కున ఏ ఊరి పొలిమేర అని అందులో ఉంటుంది. మసీదులకూ, ఖాజీలకూ ఇచ్చిన ఇనాముల జాడ కూడా చాలాచోట్ల అందులో దొరుకుతుంది. చదవడానికి కథలా ఉంటుంది, కొలవడానికి ఏమీ ఉండదు.

రెండవవాడు విలియం లాంబ్టన్. 1802లో మద్రాసు సెయింట్ థామస్ కొండ దగ్గర ఒక ఆధారరేఖను కొలిచి, అక్కడ నుండి కొండ మీద నుండి కొండకు త్రిభుజాలు అల్లుకుంటూ దేశమంతా పోయే మహాసర్వేను మొదలుపెట్టాడు. కొండశిఖరం భూగోళం మీద సరిగ్గా ఎక్కడ ఉన్నదో అతని లెక్కకు తెలుసు. కొండ క్రింద ప్రత్తి చేను ఎవరిదో దానికి తెలియదు.

మూడవది రెవెన్యూ సర్వే. 1832-33 నాటి నందన కరువు గుంటూరు జిల్లాను సగం ఖాళీ చేసినంత పని చేసింది. జమీందార్లు శిస్తు చెల్లించలేక పడిపోయారు. రైతుతో నేరుగా లెక్క పెట్టుకొనే పద్ధతి వచ్చినకొద్దీ ప్రతి చెక్కనూ కొలవవలసి వచ్చింది. 1858లో మద్రాసు సర్వే శాఖ ఏర్పడింది. పొలానికి సర్వే నంబరు, నంబరుకు పొలం పటం, పటాల కట్టకు ఎఫ్.ఎం.బి. అని పేరు. పొలం మధ్యగా ఒక ఆధారగీత గీసి, దాని మీద నుండి గట్టు వంపుల దాకా అడ్డంగా గొలుసు పరచి, ఎన్ని లింకులో వ్రాశారు. అరవై ఆరు అడుగుల గొలుసుకు నూరు లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. ఎకరంలో నూరోవంతు సెంటు. ఇంత చక్కని పద్ధతి మరొకటి లేదనిపిస్తుంది. కాని ఆ కాగితానికి తనలోని దూరాలు తెలుసునే గాని, తాను భూమి మీద ఎక్కడ ఉన్నదో తెలియదు. గ్రామ పొలిమేరల దాకా త్రిభుజ సర్వేతో కొంత ముడి ఉన్నా, ఆ ముడి పొలం కాగితం దాకా దిగలేదు. దానికితోడు మన నల్లరేగడి ఎండకు నెర్రెలిచ్చి, వానకు ఉబ్బి, పాతిన హద్దురాయిని నిలువనీయదు. రాయి ఒరిగితే కాగితానికి ఆధారం పోయినట్లే.

ఈ మూడింటినీ కలిపి తలలో పెట్టుకున్నవాడు కరణం. అడంగల్ ఆయన ఇంట్లో ఉండేది. ఏ నంబరు ఎక్కడ ఉన్నదో ఆయన చేయి చూపితే తెలిసేది. ప్రత్తిపాడుకు పొరుగున ఉన్న పెదనందిపాడు ఫిర్కాలో 1922లో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వాన శిస్తు నిరాకరణ ఉద్యమం నడచినప్పుడు గ్రామోద్యోగులు మూకుమ్మడిగా రాజీనామా ఇచ్చిన కారణంగా ప్రభుత్వ యంత్రం ఎంతగా స్తంభించినదో చూస్తే, లెక్క పుస్తకంలో ఎంత ఉన్నదో, మనిషిలో ఎంత ఉన్నదో అర్థమవుతుంది. 1984 జనవరిలో ఆ పదవులు రద్దయ్యాయి. దాని మంచిచెడ్డల చర్చ ఇక్కడ అప్రస్తుతం. తలలోని పటం మాత్రం ఏ కార్యాలయానికీ దాఖలు కాలేదు.

ఇప్పుడు ఎఫ్.ఎం.బి. కాగితాలను కంప్యూటరుకు ఎక్కించబోతే ఏమైనదో చూద్దాం. విడివిడిగా కొలిచిన పొలాలను ప్రక్కప్రక్కన పెడితే అతుకు కుదరలేదు. ఒకచోట రెండింటి నడుమ సందు, మరొకచోట ఒకటి మరొకదాని మీదికి ఎక్కడం. దర్జీ వేరువేరు కొలతలతో కత్తిరించిన గుడ్డముక్కల వలె. డేటాబేస్ శాస్త్రంలో దీనికొక నియమం గలదు. రెండు పొలాల మధ్య గట్టును రెండుసార్లు వ్రాయరాదు. గట్టు ఒక్కటే రేఖ. దాని ఎడమవైపు ఒక పొలం, కుడివైపు మరొక పొలం అని వ్రాయాలి. అప్పుడు గట్టు జరిగితే ఇద్దరికీ ఒకేసారి జరుగుతుంది; ఒకడు చేర్చుకున్న సెంటు రెండవవాని లెక్కలో తరిగి కనబడుతుంది. చెక్కుబందీ వ్రాసిన పూర్వులు దీనినే వేరే మార్గాన సాధించారు: నా తూర్పు హద్దు నీ పడమటి హద్దు కావాలి.

వెదకడం మరొక సమస్య. రాష్ట్రంలోని కోట్లాది చెక్కలలో ఒక బిందువు ఏ చెక్కలో పడుతుందో ప్రతిదానినీ పరీక్షించి చెప్పడానికి యంత్రానికి కూడా ఓపిక చాలదు. 1984లో ఆంటనిన్ గట్‌మన్ అనే అమెరికా పరిశోధకుడు ఒక చెట్టు వంటి సూచికను ప్రతిపాదించాడు. ఒక్కొక్క పొలం చుట్టూ ఒక దీర్ఘచతురస్రపు పెట్టె గీయాలి. దగ్గరి పెట్టెలను కలిపి పెద్ద పెట్టె, వాటిని కలిపి మరింత పెద్ద పెట్టె. వెదికేటప్పుడు పై పెట్టె నుండి దిగుతూ, సంబంధం లేని కొమ్మలను విడిచిపెడుతూ రావాలి. జిల్లా, మండలం, గ్రామం, సర్వే నంబరు అని రెవెన్యూ గుమాస్తా దిగివచ్చే మెట్లే ఇవి. తేడా ఒక్కటి: గుమాస్తా మెట్లు పరిపాలన కోసం గీసినవి, ఈ మెట్లు కేవలం సామీప్యాన్ని బట్టి ఏర్పడినవి. అందుచేత జిల్లాలు మారినా ఇవి మారవు. మన వైపు జిల్లాలు ఎన్నిసార్లు మారాయో తెలిసినదే: 1859లో గుంటూరు జిల్లా రద్దు, 1904లో మరల ఏర్పాటు, 1970లో ఒంగోలు విడిపోవడం, 2022లో బాపట్ల, పల్నాడు విడిపోవడం. పాత గెజిట్‌లో 'గుంటూరు జిల్లా' అని ఉన్న వక్ఫ్ నేడు నాలుగు జిల్లాలలో ఎక్కడైనా ఉండవచ్చు.

వక్ఫ్ అంటే ఆపడం, నిలపడం. ఖుర్ఆన్ పఠనంలో ఆగవలసిన చోటికి కూడా ఇదే మాట. హజ్రత్ ఉమర్ (రజి)కు ఖైబర్‌లో మంచి భూమి లభించినప్పుడు, మూలాన్ని నిలిపి ఉంచి ఫలాన్ని దానం చేయవలసిందని మహాప్రవక్త (స) సలహా ఇచ్చారు. మూలం కదలరాదు. కదలనిదానికి చిరునామా కూడా కదలనిదై ఉండాలి గదా. మన చిక్కంతా అక్కడే ఉన్నది.

ఒక చిన్న మసీదు ఇనాం చరిత్ర సాధారణంగా ఇలా నడుస్తుంది. కైఫీయత్తులో అది ఒక వాక్యం. 1858 తరువాతి ఇనాం కమిషన్ రిజిస్టరులో ఒక వరుస. అక్కడ దానికొక టైటిల్ డీడ్ నంబరు. సర్వే తరువాత ఒక సర్వే నంబరు. 1956 నాటి ఇనాముల రద్దు చట్టంతో రైత్వారీ పట్టాల ప్రసక్తి. 1954 వక్ఫ్ చట్టం క్రింద సర్వే జరిగి, ఆపైన గెజిట్‌లో ఊరు, సర్వే నంబరు, విస్తీర్ణం. అక్కడ ఆకారం లేదు, చాలాచోట్ల చెక్కుబందీ కూడా లేదు. ఒకసారి వక్ఫ్ అయినది ఎప్పటికీ వక్ఫేనని, ఇనాం చట్టం క్రింద పట్టా ఇచ్చినంత మాత్రాన ఆ స్వభావం పోదని 1998లో మన రాష్ట్ర వక్ఫ్ బోర్డు కక్షిగా ఉన్న వ్యాజ్యంలోనే సుప్రీంకోర్టు చెప్పింది. ధర్మం అలా నిలిచినా, ఆ ధర్మం ఏ గట్టు నుండి ఏ గట్టు దాకా అన్నది కోర్టు చెప్పదు. దానిని కాగితమే చెప్పాలి.

రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఎ నిషేధిత జాబితా ఈ లోపాన్ని రెండువైపులా చూపుతుంది. పది ఎకరాల సర్వే నంబరులో దర్గాకు రెండు ఎకరాలుంటే, ఏ రెండో తెలియక నంబరు మొత్తం జాబితాలోకి పోతుంది. తనదే అయిన ఎనిమిది ఎకరాలను అమ్ముకోలేక, పిల్ల పెళ్ళికి తాకట్టు పెట్టలేక ఆ రైతు అలమటిస్తాడు. అతని కోపం దర్గా మీదికి మళ్ళుతుంది. లేదా సబ్‌డివిజను నంబరు తప్పుపడి, నిషేధం ఒక చెక్క మీద, దర్గా మరొక చెక్కలో ఉంటుంది. దర్గా భూమి నిరాటంకంగా చేతులు మారుతుంది. వక్ఫ్ అన్యాక్రాంతం కావడం ఎంత అన్యాయమో, వక్ఫ్ పేరుతో పొరుగువాని నేల బిగుసుకుపోవడం కూడా అంతే అన్యాయం. మన పత్రికలలో మొదటిదాని గురించి చాలా వ్రాస్తాము, రెండవదాని గురించి తక్కువ.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు 21న జగ్గయ్యపేట సమీపంలోని తక్కెళ్ళపాడు వద్ద సమగ్ర రీసర్వే ఆరంభమైనది. డ్రోనులు, ఉపగ్రహ సంకేతాలను దిద్దే స్థిరకేంద్రాలు వాడి, ప్రతి చెక్క మూలమూలకూ భూగోళం మీది అంకెలు తీశారు. లాంబ్టన్ త్రిభుజమూ, కరణం పొలమూ రెండు శతాబ్దాల తరువాత ఒకే పట్టికలో కలిశాయనవచ్చు. దాని వెంట వచ్చిన 2022 నాటి భూహక్కు చట్టం మీద పెద్ద వివాదం రేగి, ప్రభుత్వం మారిన పిమ్మట 2024లో రద్దయింది. సర్వే మార్పులతో సాగింది. రీసర్వే ముగిసిన గ్రామాలలో పాత సర్వే నంబరుకు బదులు ఎల్.పి.ఎం. నంబరు వచ్చింది. పాత నంబరు ఒకటి రెండు మూడు కొత్తవిగా చీలవచ్చు. రెండు పాతవి ఒక కొత్తదానిలో కలియవచ్చు. వక్ఫ్ గెజిట్ మాత్రం పాత నంబరే చెబుతుంది. కావున పాత, కొత్త నంబర్ల పొంతన పట్టిక అనేది వక్ఫ్ విషయంలో గెజిట్ అంత విలువైనది. ఆ పట్టికలో మన చెక్క ఎదుట ఏమి వ్రాశారో చూసిన ముతవల్లీలు ఎంతమంది?

వక్ఫ్ ఆస్తులను కంప్యూటరుకు ఎక్కించే ప్రయత్నం 2009 నుండి 'వామ్సీ' పేరుతో సాగింది. పటాల పనిలో అలీగఢ్ విశ్వవిద్యాలయం, రూర్కీ సాంకేతిక సంస్థ పాలుపంచుకున్నాయి. 2025 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చిన సవరణ చట్టం పిమ్మట, జూన్ 6న 'ఉమీద్' అనే కొత్త వేదిక ప్రారంభమైంది. ఆరు నెలల లోపల వివరాలన్నీ, భూస్థానంతో సహా, నమోదు చేయాలన్నారు. ఆ చట్టంలోని అంశాల మీద సుప్రీంకోర్టు సెప్టెంబరు 15న మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఆ వాదాలలోకి నేను ఇక్కడ పోను. నా మాట ఒక్క భూస్థానం గురించి. ద్వారం ముందు నిలబడి ఫోనుతో తీసిన ఫోటోలో వచ్చేది ఒక బిందువు. ఖబ్రస్తాన్ బిందువు కాదు, బహుభుజి. ఆక్రమణ ఎప్పుడూ ద్వారం దగ్గర మొదలుకాదు. వెనుక గట్టు దగ్గర, మిరప చేను వైపు, ఏటా నాగలి ఒక చాలు లోపలికి జరగడంతో మొదలవుతుంది. ఒక్క బిందువే దాఖలైతే, ఆ బిందువు ఎన్నటికీ కదలదు, దాని చుట్టూ నేల మాత్రం తరిగిపోతూ ఉంటుంది. పట్టిక దృష్టిలో ఏ నష్టమూ జరుగనట్లే.

అందుచేత ప్రత్తిపాడు వంటి చోట్ల జమాఅతులు చేయదగిన పని పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ఇనాం రిజిస్టరు నకలు, రీసర్వే సెటిల్మెంట్ రిజిస్టరు నకలు, ఎఫ్.ఎం.బి. కాగితం, కొత్త ఎల్.పి.ఎం. పటం ఈ నాలుగూ ఒకచోట పెట్టుకోవాలి. చెక్క మూలమూలకూ పోయి, ఎన్ని మూలలుంటే అన్ని జతల అంకెలు తీయాలి. కాగితపు విస్తీర్ణానికీ, తేలిన విస్తీర్ణానికీ తేడా ఉంటే దానిని దాచకుండా రెండూ వ్రాయాలి. ఏ సంవత్సరపు కొలతో ప్రక్కన వేయాలి. పొరుగు రైతును పిలిచి, గట్టు మీద నిలబడి, ఆయన ఎదుటనే ఈ పని చేయడం మంచిది. ఆయన పత్రంలోని పడమటి హద్దులో ఏమని ఉన్నదో అడిగి చూడాలి. చాలా పత్రాలలో అక్కడ 'మసీదు ఇనాం' అనే మాట తాతల నాటి నుండి అలాగే వ్రాయబడి వస్తున్నది. ఏ వక్ఫ్ రిజిస్టరులోనూ లేని హద్దు కొన్నిసార్లు పొరుగువాని చెక్కుబందీలోనే దొరుకుతుంది. ఒక వైపు ఎవరికీ తెలియకపోతే, 'హిదాయా' ఇమాములు సెలవిచ్చినట్లు, ఆ ఒక్క గడిని ఖాళీగా ఉంచి, మిగిలిన మూడు వైపులనే దాఖలు చేయవచ్చును.